మిటుటోయో డిజిటల్ వెర్నియర్: పీణ్యా షాప్‌ఫ్లోర్‌లో ఎంతవరకు నమ్మొచ్చు

బెంగళూరు పారిశ్రామిక వాడ పీణ్యాలో క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా చేరిన కుర్రాడి చేతికి మొదటి రోజే వచ్చేవి రెండు: డ్రాయింగు, డిజిటల్ వెర్నియర్. నిజానికి దీన్ని కాలిపర్ అనాలి, ఇందులో వెర్నియర్ స్కేలే లేదు. కానీ అనంతపురంలో డిప్లొమా చదివినవాళ్లూ, దాసరహళ్లి పీజీల్లో ఉండి షిఫ్టులకు వెళ్లేవాళ్లూ అందరూ వెర్నియర్ అనే అంటారు కాబట్టి ఇక్కడా అదే మాట. ఈ సమీక్ష మిటుటోయో 0-150 మి.మీ. అబ్సల్యూట్ డిజిమాటిక్ గురించి.

తీర్పు ముందే చెప్పేస్తే మంచిది. షిఫ్టుకి వందల కొలతలు తీసేవాళ్లకి పెట్టిన డబ్బు దండగ కాదు. హెచ్7 బోరును (హద్దులు చాలా బిగువుగా ఉండే రంధ్రాన్ని) దీంతో పాస్ చేద్దామనుకునేవాళ్లకి మాత్రం ఇదే కాదు, ఏ వెర్నియరూ పనికిరాదు.

ఎందుకంటే స్క్రీన్ మీద కనిపించే 0.01 లీస్ట్ కౌంట్, అంటే చూపించగలిగే అతి చిన్న తేడా, మాత్రమే. దీని ఖచ్చితత్వం కంపెనీ లెక్క ప్రకారమే ±0.02 మి.మీ. ఇప్పుడు 25హెచ్7 బోరు తీసుకోండి. హద్దులు 25.000 నుంచి 25.021. అంటే టాలరెన్సు (అనుమతించే తేడా) మొత్తం 21 మైక్రాన్లు. స్క్రీన్ 25.01 చూపిస్తే అసలు సైజు 24.99 కావచ్చు, 25.03 కూడా కావచ్చు. రెండూ రిజెక్షనే, రీడింగు మాత్రం నిక్షేపంగా ఉంది. ఇలాంటి రీడింగుతో ఫస్ట్ పీస్ మీద ఓకే సంతకం పడిందంటే ఆ సంగతి బేరింగు ప్రెస్ చేసే దగ్గరే బయటపడుతుంది, అప్పటికి లాటు మొత్తం అయిపోయి ఉంటుంది. అలాంటి బోరుకి గో, నో-గో ప్లగ్ గేజ్ (ఒక కొస దూరాలి, రెండో కొస దూరకూడదు) గానీ, రింగు మీద సెట్ చేసిన బోర్ గేజ్ గానీ కావాలి. హెచ్6 షాఫ్టుకి మైక్రోమీటర్.

మరి ఎక్కడ పనికొస్తుంది? టాలరెన్సు రాయని కొలతలన్నిటికీ. ఐఎస్ఓ 2768 మీడియం అని డ్రాయింగు టైటిల్ బ్లాకులో ఉంటే 6 నుంచి 30 మి.మీ. వరకు ±0.2, 30 నుంచి 120 వరకు ±0.3. పరికరం పొరపాటు టాలరెన్సులో పదో వంతు దాటకూడదన్న పాత లెక్కకి ఇది అక్కడ సరిగ్గా సరిపోతుంది. ±0.1 వరకు లాగొచ్చు. ±0.05 అని కనబడగానే మైక్రోమీటర్ వైపు చెయ్యి వెళ్లాలి.

పై దవడలతో చిన్న రంధ్రాలు కొలవడంలో ఒక మోసం ఉంది, పాతవాళ్లు కూడా దీన్ని పట్టించుకోరు. ఆ దవడల అంచులు కత్తిలా కనిపించినా వాటికి కొంచెం మందం ఉంటుంది, రెండిటి మధ్య సన్నని సందు కూడా ఉంటుంది. అందువల్ల అవి రంధ్రం వ్యాసం మీద కాకుండా కాస్త పక్కన ఆనుతాయి, రీడింగు తక్కువగా వస్తుంది. మందం, సందు కలిపి 0.5 మి.మీ. అనుకుంటే 5 మి.మీ. రంధ్రం దగ్గర 0.025 తక్కువ చూపిస్తుంది. 3 మి.మీ. రంధ్రంలో ఆ తేడా 0.04 దాటుతుంది. 20 మి.మీ. దగ్గర అది లెక్కలోకే రాదు. చిన్న రంధ్రాలకి పిన్ గేజ్ వాడాలి. డ్రిల్లు అండర్‌సైజు అని ఆపరేటర్ మీద ఎన్.సి. (నాన్ కన్ఫార్మెన్స్, తప్పు పీసు రిపోర్టు) రాసే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవడం న్యాయం.

వస్తువు చేతిలో ఎలా ఉందంటే, స్లైడర్ ఒకే బరువుతో జారుతుంది, ఎక్కడా పట్టదు, ఎక్కడా వదులు ఉండదు. నాసిరకం వాటిలో స్లైడర్ పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊగులాటే దవడల కొస దగ్గర పొరపాటుగా మారుతుంది. మిటుటోయోలో ఊగులాట తక్కువే కానీ కొలిచే చోటు స్కేలుకి దూరమయ్యేకొద్దీ పొరపాటు పెరగడం వెర్నియర్ పుట్టుకలోనే ఉంది. పీసును దవడల కొసల్లో కాకుండా బార్‌కి వీలైనంత దగ్గరగా పట్టుకోవాలి.

దీనికి మైక్రోమీటర్‌లా రాట్చెట్ లేదు. ఎంత నొక్కాలో బొటనవేలే చెప్పాలి. అందుకే ఒకే పీసును ఇద్దరు కొలిస్తే 0.02 తేడా మామూలు, ప్లాస్టిక్, రబ్బరు పీసులైతే ఇంకా ఎక్కువ. గేజ్ ఆర్ అండ్ ఆర్ (కొలతలు ఎంతవరకు ఒకేలా వస్తున్నాయో చూసే పరీక్ష) చేసి చూడండి: 10 పీసులు, ముగ్గురు ఇన్‌స్పెక్టర్లు, మూడేసి సార్లు. ఫలితం టాలరెన్సులో 10 శాతం లోపుంటే సరే, 30 దాటితే ఆ కొలతకి ఇది వద్దు. చాలాచోట్ల ఆ 30కి కారణం పరికరం కాదు, బొటనవేళ్లు.

డబ్బు పెట్టేది అసలు అబ్సల్యూట్ స్కేలు కోసం. ఒకసారి ఆరిజిన్ (అసలు సున్నా చోటు) సెట్ చేస్తే ఆఫ్ చేసి ఆన్ చేసినా ఎక్కడున్నదీ తెలుసుకుంటుంది, ప్రతిసారీ జీరో నొక్కే పని లేదు. కానీ జీరో బటన్ ఉంది, అదే చిక్కు. పక్కవాడు మాస్టర్ పీసు మీద జీరో నొక్కి తేడా చూసి, అలాగే టేబుల్ మీద పెట్టి టీకి వెళ్తాడు. తర్వాత తీసుకున్నవాడికి అన్ని రీడింగులూ తప్పే. కాబట్టి చేతిలోకి తీసుకోగానే దవడలు తుడిచి, మూసి, 0.00 వస్తోందా చూడాలి. తుడవడానికి శుభ్రమైన కాగితాన్ని దవడల మధ్య మెల్లగా పట్టి లాగితే చాలు. మూసిన దవడల్ని వెలుతురుకి ఎత్తి చూస్తే అరిగిన చోట సన్నటి గీతలా వెలుగు కనబడుతుంది. వారానికోసారి 10 మి.మీ. స్లిప్ గేజ్‌ను (ఖచ్చితమైన సైజుకి చేసిన ఉక్కు దిమ్మెను) దవడల మొదట్లో, మధ్యలో, కొసలో పెట్టి చూడండి. మూడూ కలవకపోతే కాలిబ్రేషన్ తేదీ వచ్చేదాకా ఆగక్కర్లేదు.

డెప్త్ రాడ్ దీనిలో బలహీనమైన భాగం. బేసు కొంచెం వాలినా రీడింగు మారిపోతుంది. మెట్టు కొలవాలంటే రాడ్ కన్నా వెర్నియర్ తల భాగంతో కొలవడం నయం.

మామూలు మోడల్‌కి కూలెంట్ పడదు. ముఖ్యంగా పాత మోడళ్లలో స్కేలు మీద తడి, నూనె చేరితే అంకెలు గంతులేస్తాయి లేదా ఎర్రర్ చూపిస్తుంది. పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే తిరిగి వస్తుంది. మెషిన్ పక్కనే ఇన్‌ప్రాసెస్ చూసేవాళ్లు ధర ఎక్కువైనా ఐపీ67 (దుమ్ము, నీళ్లు చొరబడని) కూలెంట్ ప్రూఫ్ మోడలే తీసుకోవాలి. ఫైనల్ టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లకి ఆ ఖర్చు అనవసరం. ఇంకోటి, వేడి పీసు. 100 మి.మీ. అల్యూమినియం 10 డిగ్రీలు వేడెక్కితే 0.023 పెరుగుతుంది. సీఎన్‌సీ నుంచి దించీ దించగానే కొలిచి ఆఫ్‌సెట్ (టూల్ సర్దుబాటు) మార్పించేవాళ్లు చల్లారాక అండర్‌సైజు చూస్తారు.

ఐడీ నంబరు కోసం ఎలక్ట్రిక్ పెన్నుతో బాడీ మీద చెక్కే అలవాటు చాలా స్టోర్లలో ఉంది. దీని మీద అది వద్దని కంపెనీయే హెచ్చరిస్తుంది, ఆ కరెంటుకి లోపలి సర్క్యూట్ పోతుంది. స్టిక్కరు అంటించండి.

బ్యాటరీ ఎస్‌ఆర్44. ఎల్‌ఆర్44 కూడా పడుతుంది, చౌక కూడా, కానీ దాని వోల్టేజీ మెల్లగా జారిపోతూ తొందరగా అయిపోతుంది. బ్యాటరీ మార్చాక ఆరిజిన్ మళ్లీ సెట్ చేయాలి.

కాలిబ్రేషన్‌కి పంపేటప్పుడు ల్యాబుకి ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా అని అడిగితే సరిపోదు, ఆ గుర్తింపు స్కోప్‌లో (పరిధిలో) కాలిపర్లు ఉన్నాయా అని అడగాలి. సర్టిఫికెట్‌లో ఒక్కో పాయింటు దగ్గర పొరపాటు ఎంతో, అన్‌సర్టెనిటీ (ఆ కొలతలోనే ఉండే అనిశ్చితి) ఎంతో అంకెల్లో ఉండాలి. బయటి దవడలకే చూసి లోపలి దవడలు, డెప్త్ వదిలేసిన సర్టిఫికెట్ వస్తే వెనక్కి పంపండి, ఆడిట్‌లో దొరికేది అదే.

కొనేటప్పుడు అధీకృత డీలర్ బిల్లు అడగండి. ఈ బ్రాండుకి నకిలీలు ఎక్కువ, పెట్టె చూసి కనిపెట్టడం కష్టం. ధర సగానికి చెబుతున్నారంటే అనుమానించాల్సిందే. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి.రోడ్డుకి వెళ్తే బ్యాటరీలు తెచ్చుకోండి. స్క్రీన్ మీద బ్యాటరీ అయిపోతోందని చెప్పే బి అక్షరం వచ్చే దాకా ఆగకుండా డ్రాయర్‌లో ఒకటి ఉంచుకుంటే నైట్ షిఫ్టులో వెతుక్కునే పని ఉండదు.