ట్రక్కుకొకటి, క్యాంపర్‌కొకటి కొనాలా? శాటిలైట్ రేడియోలో ఏది మేలు

ముందే చెప్పేస్తున్నా, ఇక్కడ ట్రక్కంటే మన ఊరి లారీ కాదు, అమెరికాలో వీధికి పది కనిపించే పికప్. క్యాంపర్ అంటే దాని వెనకాల తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. మాది డాలస్ పక్కన, బండి ఎఫ్-150, క్యాంపర్ 24 అడుగులది. రెండింటిలోనూ శాటిలైట్ రేడియో, అంటే చందా కట్టి నేరుగా ఉపగ్రహం నుంచి అందుకునే రేడియో, వినాలంటే ఏం కొనాలని ఈ ఎండాకాలంలో ముగ్గురు అడిగారు. ముగ్గురికీ అరగంట చొప్పున ఫోన్లో చెప్పి చెప్పి ఇక నా వల్ల కాక రాసి పడేస్తున్నా.

కంపెనీ విషయంలో బుర్ర పాడుచేసుకునే పనే లేదు. ఎక్స్ఎం 2001లో, సిరియస్ 2002లో మొదలయ్యాయి, 2008లో రెండూ కలిసిపోయి సిరియస్ ఎక్స్ఎం అయ్యాయి, ఇప్పుడు ఉన్నది అదొక్కటే. తేల్చుకోవాల్సింది రెండే: యాంటెన్నా ఎక్కడ పెడతారు, ఎన్ని చందాలు కడతారు. రేడియో రంగు, స్క్రీన్ సైజు, బటన్లు ఇవన్నీ తర్వాత. నేను ఉల్టాగా స్క్రీన్ చూసి కొన్నా, తర్వాత యాంటెన్నాతో పడ్డ పాట్లు కింద చెప్తా.

చందా మనిషికి కాదు, పెట్టెకి. ప్రతి రేడియోకీ ఒక ఐడీ ఉంటుంది, చానల్ సున్నాకి తిప్పితే తెర మీద కనిపిస్తుంది, డబ్బు దాని పేరు మీద పోతుంది. అంటే ట్రక్కులో ఫ్యాక్టరీ నుంచే వచ్చిన రేడియో ఉండి, క్యాంపర్‌లో వేరే స్టీరియోకి ఎస్ఎక్స్‌వీ300 ట్యూనర్ (శాటిలైట్ సిగ్నల్ అందుకునే చిన్న డబ్బా) బిగిస్తే రెండు చందాలు. ఈ పద్ధతిలో సుఖం నిజంగానే ఉంది. వైర్లు వేలాడవు, చానల్ స్టీరింగ్ మీదే మారుతుంది, ట్రక్కు యాంటెన్నా సంగతి తయారీవాళ్ళే చూసుకున్నారు. కానీ మా ఇంట్లో లెక్క వేసి చూస్తే క్యాంపర్‌లో పడుకునేది ఏడాదికి 25 రాత్రులు, వాటికోసం 12 నెలల చందా కట్టడం నాకు మింగుడు పడలేదు. రిటైరై ఆర్నెల్లు క్యాంపర్‌లోనే ఉండేవాళ్ళైతే మాత్రం ఇదే చేసుకోండి, రోజూ పెట్టె పీకి పెట్టడం ఆ వయసులో ఎందుకు.

రెండో దారి, నేను చివరికి తేలింది ఇక్కడే: చేతిలో పట్టే పెట్టె ఒకటి, కిట్లు రెండు. ఆనిక్స్ ఈజెడ్ఆర్, రోడీ బీటీ, టూర్ లాంటివి ఈ కోవలోవి. ట్రక్కులో ఒక డాక్ (పెట్టెని గుచ్చే స్టాండు), యాంటెన్నా, పవర్ వైరు. క్యాంపర్‌లో ఇంకో సెట్టు. సాయంత్రం బండి ఆపగానే పెట్టె లాగి అక్కడ గుచ్చడమే. ఐడీ ఒకటే కాబట్టి చందా కూడా ఒకటే. క్యాంపర్‌కి ఇంట్లో వాడే హోమ్ కిట్ కొనమంటారు చాలామంది, నేను వద్దంటా. దానికి గోడ ప్లగ్గు కావాలి, కరెంటు కనెక్షన్ లేని చోట ఆగినప్పుడు అది పనికిరాదు. క్యాంపర్ బ్యాటరీ 12 వోల్టులే కాబట్టి ఇంకో కారు కిట్టే కొనుక్కోండి. పాత డాకులు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతాయి గానీ అడాప్టర్ మీద వోల్టేజీ చూడకుండా గుచ్చొద్దు, ఇప్పటి పెట్టెలు 5 వోల్టులవి, పాత అడాప్టర్లు కొన్ని అంతకంటే ఎక్కువ ఇస్తాయి.

ఇందులో చిరాకు ఒకటుంది, పెట్టెలోంచి శబ్దం స్టీరియోలోకి ఎలా వెళ్ళాలనేది. స్టీరియోకి ఆక్స్ జాక్ (వైరు గుచ్చే కంత) ఉంటే గొడవే లేదు, కొత్త ట్రక్కుల్లో అది ఉండటమే తగ్గిపోయింది. ఎఫ్ఎం ద్వారా పంపొచ్చు, కాకపోతే డాలస్‌లో ఖాళీ ఫ్రీక్వెన్సీ దొరకాలంటే సినిమా మొదటిరోజు టికెట్ దొరికినంత పని, దొరికినా వంద మైళ్ళు పోయాక ఆ ఊరి స్టేషన్ ఏదో వచ్చి మీద కూర్చుంటుంది. బ్లూటూత్ ఉన్న రోడీ బీటీతో ఈ బాధ తప్పుతుంది. మీ స్టీరియో కాల్స్‌కి ఒక ఫోన్, పాటలకి ఇంకో పరికరం పెట్టుకోనిస్తుందో లేదో మాత్రం ముందే చూసుకోండి.

ఇక యాంటెన్నా. చిన్నగా, నల్లగా, అడుగున అయస్కాంతంతో ఉంటుంది. తెచ్చిన రోజే ట్రక్కు టాప్ మీద పెట్టా, జారింది. మళ్ళీ పెట్టా, మళ్ళీ జారింది. అయస్కాంతం పాడైందేమోనని ఫ్రిజ్ తలుపుకి పెట్టి చూస్తే లాగినా రానంత గట్టిగా పట్టింది. అప్పుడు వెలిగింది నాకు: 2015 మోడల్ నుంచి ఎఫ్-150 బాడీ అల్యూమినియం, దానికి ఏ అయస్కాంతమూ అంటదు! మా క్యాంపర్ పైకప్పు రబ్బరు షీటు, దానిమీదా అంతే. చివరికి అరచేతిలో సగం ఉండే ఉక్కు పలకలు, వెనక జిగురున్నవి, రెండు కొని చెరోదాని మీద అతికించా. అతికించే ముందు ఆల్కహాల్‌తో తుడిచి, ఒక రోజంతా కదపకుండా వదిలేయాలి. క్యాంపర్ పైకప్పుకి మాత్రం వైరు కోసం కంత పెట్టకండి, వైరు కిటికీ రబ్బరు సందులోంచి తీసుకోండి. పైనుంచి చుక్క నీళ్ళు లోపలికి దిగితే ప్లైవుడ్ కుళ్ళడానికి ఎన్నాళ్ళో పట్టదు, రేడియో కోసం క్యాంపర్‌ని పోగొట్టుకున్నట్టవుతుంది.

యాంటెన్నా ఎటు చూడాలంటే దక్షిణం. ఉపగ్రహాలు భూమధ్యరేఖ మీద, అమెరికా నుంచి చూస్తే దక్షిణాకాశంలో ఉంటాయి. ఇల్లు కొనేటప్పుడు దక్షిణ ముఖం వద్దని వంద వంకలు పెడతాం, క్యాంప్‌సైట్ ఎంచుకునేటప్పుడు మాత్రం దక్షిణమే ఖాళీగా కావాలి. టెక్సాస్‌లో ఉపగ్రహం బాగా పైన ఉంటుంది కాబట్టి పెద్ద ఇబ్బంది లేదు. ఉత్తరాన మోంటానా వైపు వెళ్ళేకొద్దీ అది కిందికి దిగుతుంది, పైన్ చెట్లు సరిగ్గా అడ్డం వస్తాయి. రోడ్డు మీద చిన్న వంతెన కింద పాట ఆగకపోవడానికి కారణం, ఒకే కార్యక్రమాన్ని కొన్ని సెకన్ల తేడాతో రెండుసార్లు పంపడం. పెద్ద ఊళ్ళలో అయితే అదే సిగ్నల్‌ని మళ్ళీ పంపే నేల మీది రిపీటర్లు కూడా ఉంటాయి. అడవిలో చెట్టు కింద ఆపితే ఇవేవీ పనిచెయ్యవు. టెక్సాస్‌లోని బిగ్ బెండ్ నేషనల్ పార్కులో రియో గ్రాండే విలేజ్ క్యాంప్‌లో కాటన్‌వుడ్ చెట్ల నీడ చూసి మురిసిపోయి బండి ఆపా, రాత్రంతా తెర మీద సిగ్నల్ లేదనే అక్షరాలే. మర్నాడు ఎండలో ఉన్న సైటుకి మారాం. నీడ కావాలా రేడియో కావాలా అని మా ఆవిడ అడిగింది, మా వాడు ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్) మ్యాచ్ కావాలన్నాడు, అదీ సంగతి.

ఈ తిప్పలన్నీ నాకు కొత్తేం కాదు. విజయవాడలో మా నాన్న వరల్డ్‌స్పేస్ అనే శాటిలైట్ రేడియో సెట్టు కొన్న రోజులు గుర్తున్నవాళ్ళకి తెలుసు. ఆసియాస్టార్ ఉపగ్రహం కోసం పలకలాంటి యాంటెన్నాని బాల్కనీలో తూర్పు ఆగ్నేయానికి తిప్పి పెట్టేవాళ్ళం, కాకి వాలి కాస్త కదిలిందంటే స్పందన అనే తెలుగు చానల్లో ఘంటసాల సగం చరణంలో ఆగిపోయేవాడు. 2009 ఆఖరుతో అది ఇండియాలో మూతపడింది, సెట్టు మాత్రం మొన్నమొన్నటిదాకా అటక మీద ఉంది.

మూడో దారి ఫోను. చాలా ప్లాన్లలో యాప్‌లో వినడం కలిసే వస్తుంది, ఊరి చుట్టుపక్కల క్యాంపులకే వెళ్ళేవాళ్ళకి ఇంకేమీ అక్కర్లేదు. 128 కేబీపీఎస్‌లో గంటకి 58 ఎంబీ దాకా అవుతుంది, ఆరు గంటలు విన్నా 350 ఎంబీ, అదేం లెక్కలోది కాదు. శబ్దం కూడా దీనిదే మెరుగు, శాటిలైట్‌లో బాగా నొక్కేసి పంపుతారు, మాటల చానళ్ళు డబ్బా లోంచి మాట్లాడినట్టుంటాయి. అయితే నెవాడాలో యూఎస్-50 మీదో, బిగ్ బెండ్ లోపలో సెల్ టవర్ దొరకదు, సరిగ్గా అక్కడే శాటిలైట్ పెట్టె గలగలా మాట్లాడుతుంది. 2024లో వచ్చిన స్టార్‌లింక్ మినీ (ఉపగ్రహం నుంచి ఇంటర్నెట్ అందుకునే పలక) పెట్టుకుంటే యాప్ అక్కడా నడుస్తుంది. పాటల కోసమే అయితే అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం, పైగా సగటున 25 నుంచి 40 వాట్లు లాగుతుంది, దానికీ చెట్లు పడవు. క్యాంపర్‌లోంచే ఆఫీసు పని చేసేవాళ్ళకి ఎలాగూ కావాలి కాబట్టి వాళ్ళు ఈ పెట్టె గొడవంతా మర్చిపోవచ్చు.

తెలుగు పాటల కోసమే అయితే అసలు శాటిలైట్ జోలికి పోకండి, అందులో తెలుగు చానల్ లేదు. బయల్దేరే ముందు రాత్రి ఫోన్లోకి దించుకోండి.

చందా గురించి ఒక మాట. మొదట్లో ఇచ్చే ఆఫర్ ధర అయిపోగానే పూర్తి ధర దానంతటదే మొదలవుతుంది, ఆ తేదీని క్యాలెండర్‌లో రాసి పెట్టుకోండి. చందా మానుకోవడం కష్టంగా పెట్టారని 2023 డిసెంబరులో న్యూయార్క్ అటార్నీ జనరల్ సిరియస్ ఎక్స్ఎం మీద కేసు వేస్తే, ఆన్‌లైన్ కొనుగోలుదారుల కోసం ఉన్న ఫెడరల్ చట్టాన్ని ఉల్లంఘించిందని 2024 నవంబరులో కోర్టు తేల్చింది. కాబట్టి ఆఖరి రోజు దాకా ఆగకుండా వారం ముందే పని మొదలుపెట్టండి.

అడిగిన ముగ్గురిలో మూడో ఆయన నేను చెప్పినట్టే పెట్టె తెచ్చుకుని, సోఫాలో కూర్చుని ఆన్ చేసి, సిగ్నల్ రావట్లేదని ఆ సాయంత్రమే తిరిగి పంపేయబోయాడు. అన్నా, దాన్ని తీసుకెళ్ళి డ్రైవ్‌వేలో ట్రక్కులో పెట్టు, యాంటెన్నా ఆకాశం కిందే ఉండాలి, ఆన్ చేసి యాక్టివేషన్ సిగ్నల్ పంపమని కంపెనీని అడుగు, అది అందేదాకా ఆఫ్ చెయ్యకు అని చెప్పా. పావుగంటకి ఫోను వచ్చింది, వెనకాల ఎవడో గిటార్ వాయిస్తున్నాడు.