గోవిందవాడ ఇసుకలో బికనీర్ అమ్మాయి

గోవిందవాడ ఇసుక దిబ్బలు చూడ్డానికి పోతే, అనంతపురం జిల్లా రాయదుర్గంలో రాత్రి మాత్రం ఉండకండి. బస్టాండు దగ్గర లాడ్జిలో ఏసీ గదికి 1,400 తీసుకున్నారు. రిమోట్ అడిగితే డిపాజిట్ అని ఇంకో 200. పొద్దున గది ఖాళీ చేసేటప్పుడు, బ్యాటరీలు అయిపోయాయని ఆ 200 కూడా మింగేశారు. మా ఆవిడ బొమ్మనహాళ్ దాకా మూతి ముడుచుకునే కూర్చుంది.

ఇసుక దిబ్బలు చూపించడానికి జీపతను 1,800 అన్నాడు. ఇంకో ఇద్దరు కలవడంతో తలా 450 పడింది. ఒకరు బికనీర్ అమ్మాయి, సోలార్ కంపెనీలో ఇంజినీర్. ఇంకొకరు ఉరవకొండ అబ్బాయి, గాలిమరలు రిపేరు చేస్తాడు. అప్పటిదాకా ఒకరి ముఖం ఒకరు చూసినవాళ్లు కాదు.

హగరి నది ఎండిపోయి, ఆషాఢం గాలికి ఏట్లో ఇసుకంతా లేచి గోవిందవాడ, దర్గాహొన్నూరు పొలాల మీద పడుతుంది. ఫొటోలకు బ్రహ్మాండం. ట్రాక్టర్ పెట్టి ఎత్తిపోయించుకునే రైతునడిగితే తెలుస్తుంది అసలు సంగతి.

ఆ అమ్మాయి దిబ్బెక్కి, "ఇదేం ఎడారి? ఏటి ఇసుకేగా!" అని హిందీలో తీసిపారేసింది. ఉరవకొండ అబ్బాయికి రోషమొచ్చింది. "ఆంధ్రలో అన్నిటికన్నా వాన తక్కువ పడేది మా జిల్లాలోనే మేడం" అన్నాడు, వచ్చీరాని హిందీలో. కరువును అంత గర్వంగా చెప్పుకోవడం నేనెక్కడా చూళ్లేదు.

కిందికి దిగాక ఊరి చివర జమ్మిచెట్టు కనబడింది. ఆ పిల్ల పరుగెత్తి వెళ్లి ఆకు తుంచి చూసింది. వాళ్ల ఎడారిలో పెరిగేదీ ఇదే చెట్టట, కాయలు ఎండబెట్టి కూర చేస్తారట. "దసరాకు పూజ చేసే చెట్టుతో కూరా?" అని వీడు నోరెళ్లబెట్టాడు. అంతే, ఇక మా ఇద్దరితో వాళ్లకు పనిలేకుండా పోయింది. బొమ్మనహాళ్‌లో బొరుగుల ఉగ్గాని, బజ్జి తిన్నాం, ప్లేటు 40, ఆ రుచికి 80 ఇచ్చినా నష్టం లేదు. మిరపకాయ బజ్జికి ఆ పిల్ల కళ్లలో నీళ్లు. వీడు బొరుగుల్లో మిరపకాయ ముక్కలు ఒక్కొక్కటే ఏరి తన ప్లేట్లో వేసుకుంటున్నాడు. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచి నవ్వింది. లాడ్జి కోపం అక్కడితో సరి.

ఇప్పుడు రెండిళ్లలోనూ విషయం తెలిసింది. అమ్మాయి వాళ్లు గుడ్డు కూడా తినరు. వీళ్లింట్లో ఆదివారమైతే సంగటి, నాటుకోడి ఉండాల్సిందే. మొన్న మా ఆవిడకు ఫోన్ చేసి, "కార్తీకంలో మావాళ్లు ఎటూ నీసు ముట్టరక్కా, అప్పుడే బికనీర్ పిల్చుకపోతా" అన్నాడు.