శనివారం పద్యాల సిరీస్‌కి టికెట్లు కొనేవాళ్లు జాగ్రత్త: ఎఫ్ బ్లాకు నుంచి స్టేజీ కనిపించదు

నిన్న రాత్రి పదకొండున్నరకు ఇల్లు చేరాం. అమ్మ మజ్జిగ కూడా వద్దని పడుకుంది. నాకు నిద్ర పట్టలేదు. కోపం తగ్గాక రాద్దామంటే మళ్లీ శనివారం వచ్చేస్తుంది, ఈలోపు ఆ సీట్లు ఇంకెవరో కొనేస్తారు. అందుకే పొద్దున్నే కూర్చుని రాస్తున్నాను. పెద్దవాళ్లను తీసుకెళ్దామనుకుంటున్నవాళ్లు దయచేసి చివరిదాకా చదవండి.

ఏ సిరీస్ అన్నది బెంగళూరులో తెలుగు నాటకాలు చూసేవాళ్లకు చెప్పక్కర్లేదు. బాగుచేసి మళ్లీ తెరిచిన పాత హాలు, పది శనివారాలు, ఒకే నటుడు. హార్మోనియం, తబలా పక్కన పెట్టుకుని ఒక్కో వారం ఒక్కో పాత్ర పద్యాలు పాడి, చివర్లో ఒక సీను ఆడతారు. నిర్వాహకుల పేరు నేను రాయడం లేదు. నటుడి పేరు కూడా రాయను, ఇందులో ఆయన తప్పు రవ్వంత కూడా లేదు.

తోటి పాత్రధారులు లేకుండా ఒక్కరే నిలబడి పాడితే అది నాటకమా, కచేరీయా అని నెల రోజులుగా మనవాళ్లంతా వాదించుకుంటున్నారు. కొత్త హాలు పద్యానికి పనికొస్తుందా రాదా అని ఇంకో గొడవ. ఇక్కడి నాటకశాల రవీంద్ర కళాక్షేత్ర బయట టీ తాగుతూ నేనూ గంటలకొద్దీ వాదించాను. ఆ నటుడిది నాటకమే అన్నాను. ఇప్పటికీ అదే అంటాను. అంత నమ్మకం ఉండబట్టే అమ్మను తీసుకెళ్లాలనిపించింది.

అమ్మది బళ్లారి. 1953లో ఆ జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసినా వాళ్లింట్లో తెలుగు నాటకం పోలేదు. ధర్మవరం కృష్ణమాచార్యులు గారి నాటక సమాజం సరస వినోదిని సభ గురించి, నాటకకర్త కోలాచలం శ్రీనివాసరావు గారి గురించి మా తాతయ్య చెప్పిన మాటలు వింటూ పెరిగింది. నాన్న పోయాక నాలుగేళ్లుగా ఒక్క ప్రదర్శనకు రాలేదు. డెబ్బై ఒకటి దాటింది, మోకాలి ఆపరేషన్ అయింది. ఈ వారం హరిశ్చంద్రుడు, శ్మశానంలో జరిగే కాటిసీను ఉంటుందనగానే తనంతట తానే "నేనూ వస్తానే" అంది. పిన్ని కూడా తోడు వస్తానంది. మూడు టికెట్లు, ఒక్కోటి 1,500 రూపాయలు.

నేను నిర్వాహకుల వాట్సాప్ నంబరుకు రెండే ప్రశ్నలు పంపాను. మెట్లు ఎక్కువ ఎక్కాలా? పాత హాల్లో ఎడమవైపు స్తంభం అడ్డొచ్చేది, అది ఇప్పుడూ ఉందా? అక్కడ టికెట్లు చూసే మనిషి పంపిన జవాబు నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది: "స్తంభాలన్నీ తీసేశారు మేడమ్. ఎఫ్ అంటే స్టేజీ నుంచి ఆరో వరస, సెంటర్. అమ్మగారికి ఒక్క మెట్టు కూడా ఉండదు." దాంతోపాటు సీట్ల చార్టు ఫొటో పంపాడు. ఎఫ్ 11, 12, 13 మీద ఎర్ర గీత గీసి మరీ పంపాడు. 4,500 మీద జీఎస్టీ 18 శాతం అని ఇంకో 810 కలిపి 5,310 అడిగాడు. అది ఒక మనిషి సొంత యూపీఐ నంబరు. పంపేశాను. బిల్లు అడగలేదు. నాటకం టికెట్ ఐదొందలు దాటితే జీఎస్టీ వేస్తారని నాకు తెలుసు. వేసినప్పుడు బిల్లు ఇవ్వాలనీ తెలుసు. తెలిసీ అడగలేదు. ఈ ఒక్క పొరపాటు గుర్తొచ్చినప్పుడల్లా నా మీద నాకే కోపం వస్తోంది.

మారతహళ్లి నుంచి ఐదు గంటలకు బయల్దేరితే ఆరున్నరకు చేరాం. లోపలికి వెళ్లాక చూస్తే ఆ చార్టు బాగుచేయకముందుది. ఇప్పుడు స్టేజీని ముందుకు పెంచారు, ముందు వరసలు కొన్ని పోయాయి, సీట్లకు కొత్త అక్షరాలు పెట్టారు. పాత హాల్లో ఎఫ్ అంటే ఆరో వరస. కొత్త హాల్లో ఎఫ్ అంటే వరస కాదు, ఎడమవైపు చిట్టచివర బాల్కనీ కింద ఉన్న బ్లాకు. అక్కడికి వెళ్లడానికి పదకొండు మెట్లు ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. అమ్మ నా భుజం మీద, పిన్ని భుజం మీద చేతులేసి ఎక్కింది.

కూర్చుని చూస్తే ఎదురుగా స్తంభం. అదే స్తంభం, కొత్తగా రంగు వేశారు అంతే. దాని పక్కన ఎత్తు బల్ల మీద సౌండ్ మిక్సర్, వెనక నిలబడ్డ మనిషి. ఆ రెంటి మధ్య సందులోంచి హార్మోనియం సగం, హార్మోనిస్టు చేతులు కనిపిస్తున్నాయి. స్టేజీ మధ్య భాగం అసలు లేదు. ముందుకు వంగి చూసినా, పక్కకు వాలి చూసినా లేదు.

బయట బల్ల దగ్గర అతనే ఉన్నాడు, నాకు మెసేజ్ పంపినతనే. టికెట్లు చూపించి, స్తంభం ఉంది కదా అని అడిగాను. "మీకు పాత చార్టు ఎవరు చూపించారు?" అన్నాడు. అతని ముఖం చూస్తూ ఫోన్ తీసి అతను పంపిన మెసేజే చూపించాను. ఒక్క క్షణం చూశాడు. "ఓహో, అది మా కుర్రాడు పంపి ఉంటాడు" అన్నాడు. నంబరు అతనిదే, ఫోన్‌లో మాట్లాడిన గొంతూ అతనిదే. అంత తేలిగ్గా అబద్ధం ఆడతాడని అనుకోలేదు. నాకు నోట మాట రాలేదు.

డబ్బు వెనక్కి అడగలేదు నేను. సీట్లు మార్చమన్నాను, అంతే. ముందు రెండు వరసలు ఖాళీగా ఉన్నాయి, స్పాన్సర్ల అతిథుల కోసం ఉంచారట. వాళ్లొచ్చేదాకా కనీసం అమ్మనైనా అక్కడ కూర్చోబెట్టనివ్వమని బతిమాలాను. ఈలోపు అమ్మ నెమ్మదిగా మెట్లు దిగి మా వెనకే వచ్చి నిలబడింది. నేను చూసుకోలేదు.

అప్పుడు అతను అమ్మ వైపు తిరిగి అన్నాడు: "పద్యాలు వినడానికే కదా ఆంటీ వచ్చింది? కనిపించకపోతే ఏమైంది?"

అమ్మ కోపంగా ఏమీ అనలేదు. "వినడానికైతే ఇంట్లో రేడియో ఉంది బాబూ. చూద్దామని వచ్చాను" అంది.

"అయితే ఇంట్లో రేడియోనే వినాల్సింది."

మా అమ్మతో అన్నాడు ఆ మాట. చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు. పక్కన టికెట్లు స్కాన్ చేస్తున్న అమ్మాయి తల దించేసుకుంది. పిన్ని ఏదో అనబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపి, "పదండి, మొదలవుతుంది" అని మళ్లీ ఆ పదకొండు మెట్లూ ఎక్కింది. నేను గట్టిగా అరవాల్సింది. అరవలేదు. అమ్మ ముందు గొడవెందుకని ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి.

ఆ మనిషి అన్నది ఎంత తప్పో నాటకం చూసేవాళ్లకు తెలుసు. పద్యం వినడానికే అయితే స్థానం నరసింహారావు గారి సత్యభామను చూడటానికి జనం ఊళ్లు దాటి ఎందుకు వచ్చేవారు? మగమనిషి ఆడవేషంలో నాలుగడుగులు నడిస్తే హాలు హాలంతా ఊపిరి బిగబట్టి చూసేదని పెద్దవాళ్లు చెప్తారు. 1885 నుంచి నాటకాలాడుతున్న సురభి వాళ్ల ప్రదర్శనకు పిల్లల్ని తీసుకెళ్లేది చూడటానికే కదా. మా అమ్మ ఊరివాడైన నటుడు బళ్లారి రాఘవ గారైతే పద్యాన్ని రాగాలతో సాగదీయడం ఇష్టపడేవారు కాదు. భావం ముఖంలో కనపడాలనేవారు. అమ్మ ఆ మాటలు విని పెరిగిన మనిషి.

ఇంకో సంగతి. అక్కడ వినడం కూడా సరిగ్గా కుదరలేదు. కొత్త హాల్లో అంతా కార్పెట్లు, మెత్తటి కుర్చీలు, గోడలకు ధ్వనిని పీల్చుకునే పలకలు. మాటకు అది మంచిదే. కానీ పద్యం చివర తీసే రాగానికి కొంచెం మోగే గోడలు కావాలి. బాల్కనీ కింద ఆ మోత ఇంకా తగ్గిపోతుంది. నటుడి చొక్కాకు పెట్టిన మైకు గొంతు మా తల పక్కన స్పీకర్‌లోంచి వస్తోంది. మనిషి కనిపించడు, గొంతు ఎడమవైపు గోడలోంచి వస్తుంది. ఆయన స్టేజీ మీద కుడివైపు ఉన్నారో, ముందుకొచ్చారో, కూర్చున్నారో చెవికి తెలియదు. ఎదుట కనిపిస్తుంటే కన్ను ఆ లోటు సరిచేస్తుంది. మధ్య బ్లాకుల్లో కూర్చున్న స్నేహితులు సౌండ్ అద్భుతం అంటున్నారు, అదీ నిజమే అయి ఉంటుంది. ఇన్నాళ్లూ మనం వాదించుకున్నవాళ్లం ఏ సీట్లో కూర్చుని విన్నామో ఒకరినొకరం అడగనే లేదు.

చివర్లో కాటిసీను వచ్చింది. దీపాలు తగ్గించారు. పద్యం మూడో పాదంలో ఆయన ఆగారు. హార్మోనియం కూడా ఆగింది. ఆ నిశ్శబ్దం ఎంతసేపో చెప్పలేను. తర్వాత హాలంతా ఒక్కసారి "అయ్యో" అంది. నా వెనక ఎవరో ఏడుస్తున్నారు. అమ్మ నా చెయ్యి గిల్లి మెల్లగా అడిగింది, "ఏం చేశాడే?"

నాకు తెలియదు. నాకూ కనిపించలేదు. నాలుగేళ్ల తర్వాత నాటకానికి వచ్చిన మనిషి, ఏం చేశాడే అని అడిగితే నేను స్తంభం వైపు చూస్తూ కూర్చున్నాను. "వన్స్‌మోర్" అని కేకలు పడ్డాయి. ఆయన పద్యం మళ్లీ పాడారు కానీ, మొదటిసారి చేసింది మళ్లీ చేయలేదు అనుకుంటా, ఈసారి ఎవరూ అయ్యో అనలేదు. ఇంటికొచ్చే దారిలో స్నేహితురాలికి ఫోన్ చేసి కనుక్కున్నాను. కొడుకు శవాన్ని చూడగానే చేతిలోని కాటికాపరి కర్రను నేల మీద పెట్టి, మళ్లీ తీసుకోవడానికి వంగి, తీసుకోలేక అలాగే ఉండిపోయారట. అమ్మకు చెప్పాను. కిటికీలోంచి బయటికి చూస్తూ విని, "బాగా చేశాడు" అంది. నాకు ఏడుపొచ్చింది.

స్పాన్సర్ల వరసలో చివరిదాకా తొమ్మిది కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. లెక్కపెట్టాను.

ఈ రోజు పొద్దున డబ్బు వెనక్కి ఇవ్వమని మెసేజ్ పెడితే, వచ్చే వారం రెండు టికెట్ల మీద 10 శాతం తగ్గిస్తామని జవాబు. బిల్లు అడిగితే చదివి ఊరుకున్నాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఇప్పటికే ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. చెల్లించింది ఐదు లక్షల లోపైతే అక్కడ ఫీజు ఉండదు, రెండేళ్లలోపు ఎప్పుడైనా వేయొచ్చు. ఐదు వేల కోసం ఇంత అవసరమా అని మా ఆయన అన్నారు. డబ్బు కోసం కాదు, ఆ మాట అన్నందుకు.

నేను ఇన్నేళ్లుగా ఇక్కడి రంగ శంకర నాటకశాలకు వెళ్తున్నాను. ఆలస్యమైతే లోపలికి పంపరు, అది కఠినమే. కానీ నేను కూర్చున్న ఏ సీటు నుంచీ స్టేజీ కనిపించకపోవడం జరగలేదు. ఆ అలవాటుతో సీటు అంటే కనిపించే సీటే అనుకున్నాను. మీరు అలా అనుకోకండి. బాగుచేసిన ఏ హాలుకైనా కొత్త చార్టే అడగండి, ఆ సీట్లోంచి స్టేజీ వైపు తీసిన ఫొటో పంపమనండి. సొంత యూపీఐ నంబరుకు డబ్బు పంపొద్దు. చాటింగ్ చెరిపేయొద్దు.

ఎఫ్ 9 నుంచి 16 దాకా ఆ స్తంభం వెనకే ఉన్నాయి, నేను లేచి ఒక్కో సీటు దగ్గరా నిలబడి చూశాను. మిగిలిన ఆరు శనివారాల్లో దేనికైనా ఆ నంబర్లు మీ దగ్గర ఉంటే ఈ రోజే ఫోన్ చేసి మార్పించుకోండి. నా దగ్గరున్న స్క్రీన్‌షాట్లు కావాలంటే పంపిస్తాను.

ఇంకొక్కటి. ఆ నటుడు హరిశ్చంద్ర ఇంకెక్కడైనా, ఏ ఊళ్లో వేస్తున్నా, ముందు వరసలో మూడు కుర్చీలు దొరికే చోటైతే నాకు చెప్పండి. అనంతపురమైనా, బళ్లారి అయినా సరే, అమ్మను తీసుకెళ్తాను.