ఒకే బొమ్మ, రెండు ధరలు: మిషను కుట్టు ప్యాచా, చేతి కుట్టు ప్యాచా?

విజయవాడ బీసెంట్ రోడ్డులో మగ్గం వర్క్ జాకెట్టుకీ, కంప్యూటర్ ఎంబ్రాయిడరీ జాకెట్టుకీ రేటు తేడా ఎందుకో మా అక్కకి ఎవరూ చెప్పక్కర్లేదు. పాత మిలిటరీ ప్యాచ్‌లదీ, అంటే సైనికుల యూనిఫాం మీద కుట్టే గుడ్డ బ్యాడ్జీలదీ, దాదాపు అదే లెక్క.

నా దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి చైనా-బర్మా-ఇండియా (ఈ మూడు దేశాల్లోని అమెరికా సైన్యపు యుద్ధరంగం) ప్యాచ్‌లు రెండున్నాయి. డాలు ఆకారం, పైన నీలం మీద చైనా సూర్యుడు, ఇండియా నక్షత్రం, కింద ఎరుపు తెలుపు చారలు. ఒకటి అమెరికాలో మిషను మీద కుట్టింది. రెండోది అమెరికన్ సైనికుల కోసం అప్పట్లో మన దేశంలోనే చేత్తో, జరీతో కుట్టింది. దీనికి మూడింతలు పెట్టాను.

మిషనువి కుప్పలుగా తయారయ్యాయి, అన్నీ ఒకేలా ఉంటాయి. చేతి కుట్టులో ఏ రెండూ కలవవు. నాదాంట్లో నక్షత్రం కాస్త వంకర, జరీ నల్లబడింది, వెనక దారం ముళ్లు కనిపిస్తాయి. మెరుస్తుందని చింతపండు పెట్టి తోమారో, విలువ పోయినట్టే!

కానీ నకిలీల బెడద చేతి కుట్టుకే ఎక్కువ. మిషనుదాంట్లో నకిలీని పట్టుకోవడం కాస్త తేలిక: అంచు చుట్టూ తాడులా లావుగా ఓవర్‌లాక్ కుట్టు ఉంటే అనుమానించండి, ఆ పద్ధతి విరివిగా వచ్చింది 1960ల్లో. నోట్లు చూసే యూవీ టార్చ్ కూడా పనికొస్తుంది, ఆ వెలుగులో కొత్త దారం మెరుస్తుంది. సబ్బుపొడితో ఉతికిన పాత దారమూ మెరవొచ్చు కాబట్టి అదొక్కటే నమ్మలేం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మిషనుదే కొనడం మేలు. గుంటూరులో మా ఫ్రెండు ఆత్రపడి ‘పాత’ జరీ ప్యాచ్ కొన్నాడు. టార్చ్ వేస్తే తెల్లదారం ట్యూబ్‌లైటులా వెలిగింది, అంచు చూస్తే ఓవర్‌లాక్.