ప్యాకెట్ పిండి: దోశకి సరే, ఇడ్లీకి గుప్పెడు రవ్వ కావాలి

ఏడున్నరకి స్కూల్ బస్సు వచ్చే ఇళ్లలో పప్పు నానబెట్టి, రుబ్బి, పులియబెట్టే ఓపిక తగ్గిపోయింది. సూపర్ మార్కెట్ ఫ్రిజ్‌లో దొరికే ఇడ్లీ-దోశ పిండి ప్యాకెట్ ఆ పని నెత్తినేసుకుంది. 2005లో బెంగళూరులో మొదలైన ఐడీ ఫ్రెష్ దీన్ని బాగా అలవాటు చేసింది, ఆ దారిలో ఇంకెన్నో బ్రాండ్లు వచ్చాయి. పేరు ఏదైనా సరుకు ఇంచుమించు ఒకటే: బియ్యం, మినప్పప్పు, మెంతులు, నీళ్లు.

చిక్కు ఇడ్లీ దగ్గరే వస్తుంది. మనవైపు ఇడ్లీ అంటే గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ. పప్పు మాత్రమే రుబ్బి, కడిగి పిండిన రవ్వ అందులో కలుపుతాం. విరిస్తే రవ్వరవ్వగా విడిపోయి, పచ్చడిని పీల్చుకునేది అందుకే. ప్యాకెట్‌లో తమిళ, కన్నడ పద్ధతిలో బియ్యం కూడా రుబ్బేస్తారు. పైగా అదే పిండి దోశకీ రావాలి కాబట్టి ఇంకాస్త మెత్తగా ఉంటుంది. ఫలితం నున్నని, కొంచెం సాగే ఇడ్లీ. సాంబారులో ముంచుకునేవాళ్లకి బాగానే ఉంటుంది కానీ, కారప్పొడి, నెయ్యి అలవాటైన నాలుక ఒప్పుకోదు.

దీనికో సర్దుబాటు ఉంది. అర కిలో పిండికి పావు కప్పు ఇడ్లీ రవ్వ తీసుకుని, రెండుసార్లు కడిగి, ఇరవై నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండి రాత్రే కలిపి ఫ్రిజ్‌లో పెట్టాలి. అంతకు మించితే ఇడ్లీ గట్టిపడుతుంది. రవ్వ పెరుగుతుంది కానీ దాన్ని పొంగించాల్సిన పప్పు పెరగదు కదా. పొద్దున్న లేవగానే కావలసినంత పిండి మాత్రమే బయటపెట్టండి, అరగంటలో చల్లదనం పోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పిండిని నేరుగా రేకుల్లో పోస్తే పైన ఉడికినట్టే ఉండి మధ్యలో ముద్దగా మిగులుతుంది. పాత్రలో నీళ్లు తెర్లాకే రేకులు పెట్టి, పది పన్నెండు నిమిషాలు ఉంచాలి. దించాక రెండు నిమిషాలు ఆగి, తడి చెంచాతో తీస్తే అంటుకోవు. కిలోకి ఇరవై ఇడ్లీల దాకా వస్తాయి. కొన్ని ప్యాకెట్లలో ఉప్పు ఉండదు, వెనక రాసింది చదివాకే వేయండి.

దోశకి ఇంత తతంగం లేదు. కిలోకి పన్నెండు, పద్నాలుగు వస్తాయి. పెనం మరీ కాలితే పిండి గరిటెకి చుట్టుకుని లేచి వచ్చేస్తుంది. నీళ్లు చిలకరించి, సగం ఉల్లిపాయతో తుడిచి, మంట తగ్గించి పోయాలి. పరిచాక మంట పెంచొచ్చు. రంగు రాకపోతే పిండిలో చిటికెడు పంచదార, కరకర కావాలంటే రెండు చెంచాల బియ్యప్పిండి.

కొనేటప్పుడు తేదీతో పాటు ప్యాకెట్‌నీ నొక్కి చూడండి. పులియడం లోపల జరుగుతూనే ఉంటుంది, అందులోంచి వచ్చే గ్యాస్‌కి కవర్ కొద్దిగా ఉబ్బడం మామూలే. తయారై ఒక్కరోజే అయినా దిండులా ఉబ్బిందంటే దారిలో ఎక్కడో చల్లదనం తప్పిందన్నమాట. దానితో ఇడ్లీ పుల్లగా, పొంగకుండా అణిగిపోయి దిగుతుంది. సోడా వేసి సరిచేద్దామనుకుంటే పసుపు రంగు, సబ్బు వాసన మిగులుతాయి. ప్యాకెట్ విప్పిన రోజు ఇడ్లీ, మర్నాడూ ఆ మర్నాడూ దోశ, ఆ తర్వాత ఉల్లిపాయ ఊతప్పం వేసుకోవడమే మంచి వరస. బాగా పులిస్తే కాస్త బియ్యప్పిండి, జీలకర్ర, పచ్చిమిర్చి కలిపి పునుగులు వేయండి, వాటికి ఆ పులుపే రుచి. బూజు కనిపించినా, వాసన తేడాగా ఉన్నా మొహమాటపడకుండా పారేయాలి.

వీధి చివర గ్రైండర్ పెట్టి పిండి అమ్మేవాళ్లు చాలాచోట్ల ఇడ్లీకీ దోశకీ విడివిడిగా ఇస్తారు. ఇడ్లీ వరకూ నా ఓటు వాళ్లకే. అయితే ఆ కవర్ మీద తేదీ ఉండదు, సాయంత్రం కొని మర్నాటికి వాడేయాలి. నీళ్లు ఎక్కువ కలిపారేమో ఒక చెంచా గిన్నెలో పోసి చూడండి: ఇడ్లీ పిండి కుప్పగా నిలవాలి, పారకూడదు.

పొడి మిక్స్‌లలో రవ్వ ఇడ్లీ ఒక్కటే నమ్మదగ్గది. పులవకుండా సోడాతోనే పొంగే వంటకం కాబట్టి ప్యాకెట్‌లో పెట్టినా పెద్దగా పోయేదేమీ లేదు. పెరుగు కలిపాక ఆలస్యం చేస్తే మాత్రం ఆ పొంగు గిన్నెలోనే అయిపోతుంది. దోశ మిక్స్‌లో పులుపు కృత్రిమంగా తెలుస్తుంది. దానికంటే రాత్రి పెసలు, గుప్పెడు బియ్యం నానబోసి, పొద్దున్న అల్లం, పచ్చిమిర్చితో మిక్సీలో తిప్పి పెసరట్టు వేయడం నయం. పులియబెట్టే పనే లేదు.

దిబ్బరొట్టెకి మాత్రం ప్యాకెట్ పిండి అసలు వాడొద్దు. రవ్వ లేని పిండిని అంత మందంగా పోస్తే అడుగు ఎర్రగా కాలుతుంది గానీ మధ్యలో జిగురు ముద్ద అలాగే ఉండిపోతుంది.