మార్కెట్ ఖరీదా, చవకా అని తేల్చే తరగతి: ఉదయం పాఠం, మధ్యాహ్నం బేరం

విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్స్‌కు నడిచిపోయేంత దూరంలో ఒక షేర్ బ్రోకింగ్ శాఖ వారు తమ కార్యాలయం మేడ మీద నెలకొక ఆదివారం నడిపే తరగతికి ఇటీవల వెళ్ళివచ్చాను. మార్కెట్ ఇప్పుడు ఖరీదుగా ఉందా లేదా అన్నది ఎవరికి వారు లెక్క వేసుకోవడం నేర్పుతామని వారి ప్రకటన. రుసుము భోజనంతో కలిపి 1,500 రూపాయలు, సమయం ఉదయం తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు వరకు. జూట్ మిల్లు పద్దుల విభాగంలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరైన నేను, చేతికొచ్చిన పీఎఫ్ సొమ్ములో కొంత ఇండెక్స్ ఫండ్‌లో (మార్కెట్ సూచీలోని షేర్లనే కొనే ఫండ్‌లో) వేయాలా, లేక మార్కెట్ దిగేదాకా ఆగాలా అని ఏడాదిగా తేల్చుకోలేక అందులో చేరాను.

ఉదయం పాఠం బాగుందనే చెప్పాలి. పాఠం చెప్పిన యువకుడు పీఈ అనే మాటను బోర్డు మీద రాయకముందే, గంటస్తంభం దగ్గర ఒక చిన్న దుకాణం గది 30 లక్షలకు అమ్మకానికి వచ్చిందనీ, దానికి నెలకు 10 వేలు అద్దె వస్తోందనీ అనుకోమన్నాడు. ఏడాదికి లక్షా ఇరవై వేలు, అంటే పెట్టిన డబ్బు అద్దె రూపంలో తిరిగి రావడానికి 25 ఏళ్ళు. నిఫ్టీ అంటే 50 పెద్ద కంపెనీల షేర్లతో కట్టిన సూచీ. దాని పీఈ, అంటే ధరను ఏడాది లాభంతో భాగిస్తే వచ్చే అంకె, 25 ఉందంటే సరిగ్గా ఇదే, ఆ 50 కంపెనీల ఏడాది లాభానికి 25 రెట్లు ధర కడుతున్నామన్నమాట. నెల్లిమర్లలో కిరాణా కొట్టు నడుపుతున్న ఒకావిడ వెంటనే, "అద్దె ఏటా పెరుగుతుంది కదా బాబూ, పాతికేళ్ళూ పదివేలే ఉంటుందా?" అని అడిగారు. ఆ రోజు మొత్తానికి పనికొచ్చిన ప్రశ్న అదే. లాభాలు వేగంగా పెరుగుతాయన్న నమ్మకం ఉన్నచోట ఎక్కువ పీఈ కట్టడం తప్పు కాదని, ఆ నమ్మకం వమ్మయినప్పుడు మాత్రం లాభమూ పీఈ రెండూ కలిసి పడి దెబ్బ రెట్టింపవుతుందని అతను ఓపికగా వివరించాడు. 25ను తిరగేస్తే, అంటే 100ను 25తో భాగిస్తే, నూటికి నాలుగు రూపాయల రాబడి అవుతుందని, బ్యాంకు డిపాజిట్‌పై వచ్చే వడ్డీతో దాన్ని పక్కపక్కన పెట్టి చూడాలని కూడా చెప్పాడు. ఫెర్రో అల్లాయ్స్ (ఉక్కు తయారీలో వాడే మిశ్రమ లోహాలు), ఉక్కు వంటి వ్యాపారాల్లో లాభాలు శిఖరాన ఉన్న ఏడాదే పీఈ అతి తక్కువగా కనబడి మోసం చేస్తుందన్న సంగతి అతను ఎత్తలేదు. గరివిడి ఫ్యాక్టరీల ఎత్తుపల్లాలు చూసిన జిల్లాలో ఆ ఉదాహరణ వెతుక్కోనక్కరలేదు.

చిక్కు పదకొండున్నరకు తెర మీద వేసిన గీత దగ్గర వచ్చింది. 1999 నుంచి నేటి దాకా నిఫ్టీ పీఈ ఎలా నడిచిందో చూపే గీత అది. 2008 జనవరిలో 28 దగ్గరకు ఎగబాకి, అదే ఏడాది అక్టోబరుకు 11 దగ్గరకు జారిన దృశ్యం స్పష్టంగా ఉంది. 2021 ఆరంభంలో 40కి చేరి, ఇప్పుడు 22 దగ్గర ఉందని చూపిస్తూ, కాబట్టి మార్కెట్ అప్పటికన్నా దాదాపు సగం చవకని అతను తేల్చేశాడు. నా కన్ను మాత్రం 2021 మార్చి నెలాఖరు దగ్గర ఆగిపోయింది. గీత అక్కడ వాలుగా దిగలేదు, గోడలా నిట్టనిలువుగా పడింది: ఒక్క రోజులో సుమారు 40 నుంచి 33కి. ఆ రోజు నిఫ్టీ పడింది ఒక శాతం మాత్రమే. పద్దులు రాసినవాడికి ఇలాంటి చోట ధర కన్నా ముందు లెక్క కట్టిన పద్ధతి మీదే అనుమానం వస్తుంది.

అనుమానం నిజమే. అంతవరకు నిఫ్టీని నడిపే ఎన్‌ఎస్‌ఈ (నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్) ఆయా కంపెనీల సొంత లాభాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకునేది. అప్పటి నుంచి అనుబంధ కంపెనీల లాభాలు కూడా కలిపిన కన్సాలిడేటెడ్ లాభాన్ని తీసుకుంటోంది. భాగించే అంకె పెరిగింది కాబట్టి పీఈ తగ్గింది. అసలు ఇబ్బంది ఏమిటంటే, మాకు పంచిన కాగితం మీద 16 లోపు ఆకుపచ్చ (చవక), 24 పైన ఎరుపు (ఖరీదు), మధ్యలో పసుపు అని గీసిన హద్దులు చాలావరకు పాత లెక్క మీద పుట్టినవి. ఆ ఒక్క రోజు నిష్పత్తినే పట్టుకుంటే పాత 24 అనేది కొత్త లెక్కలో 20 దగ్గరకు వస్తుంది, నేటి 22 పాత కొలతలో 26 దాటుతుంది. అంటే కాగితం ప్రకారం పసుపు గడిలో ఉన్న మార్కెట్ ఎరుపులోకి పోతుంది. కరోనా ఏడాది లాభాల మీద పుట్టిన నిష్పత్తి గనుక దాన్ని అన్ని కాలాలకూ అంటించలేమన్నది నిజమే కానీ, రెండు వేర్వేరు కొలమానాలను ఒకే గీతలో కలిపి చవకైందని చెప్పడం అంతకన్నా పెద్ద తప్పు. ఈ మాటే లేచి అడిగితే, "అది టెక్నికల్ విషయం గురువు గారూ, అందరూ గందరగోళపడతారు," అని అతను తర్వాతి తెరకు వెళ్ళిపోయాడు. తరగతిలో నాకు నచ్చని విషయాల్లో మొదటిది ఆ జవాబే.

తర్వాతి తెర మార్కెట్ మొత్తం విలువను దేశ జీడీపీతో పోల్చే కొలత గురించి, దానికి పది నిమిషాలు కేటాయించారు. అమెరికా మదుపరి వారెన్ బఫెట్ 2001లో దీన్ని మెచ్చుకున్నాడని చెప్పారు గానీ, కొత్త కంపెనీలు లిస్ట్ అయినప్పుడల్లా (వాటి షేర్లు మార్కెట్లో అమ్మకానికి వచ్చినప్పుడల్లా) ఏ షేరు ధరా పెరగకుండానే ఈ నిష్పత్తి పెరుగుతుందని చెప్పలేదు. 2022 మే నెలలో ఎల్‌ఐసీ లిస్ట్ అయినప్పుడు, ఇష్యూ ధర ప్రకారం సుమారు ఆరు లక్షల కోట్ల విలువ మార్కెట్ పద్దులో కొత్తగా చేరింది. ఎల్‌ఐసీ మాత్రం 1956 నుంచీ ఉన్నదే.

ఖరీదని తెలిశాక ఏం చేయాలన్న ప్రశ్నకు ఈ తరగతిలో జవాబు బలహీనంగా ఉంది. ఎరుపులో అమ్మి ఆకుపచ్చలో కొనమన్నారు. 2017 జూలైలో నిఫ్టీ తొలిసారి 10 వేలు తాకినప్పుడు పాత లెక్క పీఈ 25 పైనే ఉంది. అప్పుడు బయటికి వచ్చినవాడికి చవకగా మళ్ళీ ప్రవేశించే వీలు 2020 మార్చి, ఏప్రిల్ నెలల్లో దొరికింది. నిఫ్టీ 7,511కు పడిన ఆ రోజుల్లో, లాక్‌డౌన్ మధ్య, ఎందరికి కొనే ధైర్యం ఉండి ఉంటుంది? ఇటు వైపూ చూడాలి: 2008 జనవరి శిఖరాన కొన్నవాడు, 2010 దీపావళికి సెన్సెక్స్ (30 కంపెనీలతో కట్టిన మరో సూచీ) ఒకసారి ఆ ఎత్తును తాకినా, దాన్ని దాటి నిలబడటం చూడటానికి 2013 చివరిదాకా ఆగాల్సి వచ్చింది. ఈ రెండు కథలూ పక్కపక్కన చెప్పి ఉంటే, నాలాంటి వయసువాడు ఒకేసారి మొత్తం వేయకుండా నెలనెలా కొంత వేయడం ఎందుకు మేలో దానంతట అదే తెలిసేది.

భోజనం పులిహోర, వంకాయ కూర, పెరుగన్నం. వంక పెట్టడానికి లేదు. అది కాగానే తరగతి రంగు మారింది. ఏడాదికి 12 వేలు కడితే మార్కెట్ రంగు మారిన రోజున వాట్సాప్‌లో సందేశం పంపుతామని, ఆ రోజే చేరితే రెండు వేలు తగ్గింపని చెప్పారు. సలహాదారుగా సెబీ (షేర్ మార్కెట్‌ను నియంత్రించే సంస్థ) ఇచ్చే రిజిస్ట్రేషన్ సంఖ్య అడిగితే, ఇది విద్యే గానీ సలహా కాదన్నారు. విద్య పేరుతో నడిపేవారు గత మూడు నెలల ధరలు వాడరాదని సెబీ 2025 జనవరిలో చెప్పగా, అదే నోటితో గత వారం ధరలు చూపించి మూడు షేర్లు కొనవచ్చన్నారు. ఆ సందేశానికి ఆధారమైన పీఈ, పీబీ (ధరకు, కంపెనీ పుస్తక విలువకు ఉన్న నిష్పత్తి), డివిడెండ్ ఈల్డ్ (ధరపై నూటికి వచ్చే డివిడెండ్) అంకెలను ఎన్‌ఎస్‌ఈ తన సూచీల వెబ్‌సైట్‌లో రోజూ ఉచితంగానే పెడుతోంది.

అయిదింట రెండున్నర నక్షత్రాలు ఇస్తున్నాను, అవన్నీ ఉదయానికే. పీఈ అంటే ఏమిటో అసలే తెలియనివారు, ఇంట్లో తెలుగులో చెప్పేవారు లేనివారు, 1,500 ఖర్చు చేసి వెళ్ళవచ్చు. పెరుగన్నం అయ్యాక లేచి వచ్చేయడానికి మొహమాటపడనక్కరలేదు. నేను ఇంటికొచ్చాక పాత లెడ్జరు ఒకటి తీసి, నెలకొక అంకె చొప్పున నా పట్టిక నేనే రాసుకున్నాను. 2021 మార్చి 31 దగ్గర ఎర్ర సిరాతో అడ్డగీత గీసి, దాని పక్కన "లెక్క మారింది" అని రాశాను.