నాగావళికి ఏది మేలు: ఒక పెద్ద ఫ్యాక్టరీయా, పది చిన్న మిల్లులా?

నాగావళి ఏరు పారే ఒడిశాలోని రాయగడలో మా వాళ్లు నలుగురు కూడితే ఈ మాట వస్తుంది: "ఏటిని పాడుచేసేది పెద్ద కంపెనీయే. చిన్న మిల్లు వాడు ఎంత వదుల్తాడు, పాపం!" నేను ఒప్పుకోను.

ఒకప్పుడు మా ఇంటి వెనక ఉప్పుడు బియ్యం మిల్లు ఉండేది. ధాన్యం నానబెట్టిన తొట్లు ఖాళీ చేసిన రోజున కాలవ నిండా పసుప్పచ్చటి నీళ్లు, పైన నురుగు, పులిసిన కుడితి కంపు. కిటికీలు మూసుకుని అన్నం తినేవాళ్లం. ఆ నీళ్లలో ఉండేది విషం కాదు, గంజే. కానీ అది కుళ్లేటప్పుడు నీటిలోని ఆక్సిజన్ అయిపోతుంది, చేపలకు ఊపిరి అందదు.

ఈ కుళ్లు కొలతే బీఓడీ, అంటే నీటిలోని మురికి కుళ్లడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే అంకె. ఏట్లోకి వదిలే నీళ్లకు సాధారణ పరిమితి లీటరుకు 30 మిల్లీగ్రాములు. ఉదాహరణకి, పెద్ద ఫ్యాక్టరీ శుద్ధి చేసి, సరిగ్గా ఆ పరిమితిలో రోజుకు కోటి లీటర్లు వదిలిందనుకోండి. ఏటి మీద రోజుకు పడేది 300 కిలోల బీఓడీ. చిన్న మిల్లు రోజుకు వదిలేది 50 వేల లీటర్లే, కానీ శుద్ధి లేక లీటరుకు 1500 మిల్లీగ్రాములు ఉంటే 75 కిలోలు. అలాంటివి నాలుగు చాలు, లెక్క సమానం. పదైతే?

చిన్నవాళ్లంతా దుర్మార్గులని కాదు. మిల్లు సగమైనంత మాత్రాన శుద్ధి ప్లాంటు ఖర్చు సగం కాదు, కెమిస్టు జీతం అసలే తగ్గదు. పెద్దవాళ్లకు ఆ స్తోమత ఉంది, నిఘా కూడా ఉంది. కాగితం, చక్కెర లాంటి 17 రకాల పరిశ్రమలు వదిలే నీళ్లను ఎప్పటికప్పుడు కొలిచే ఆన్‌లైన్ మీటర్లు పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది.

అలాగని పెద్దదంటే భయం లేదనను. అక్కడ ఒక్క రోజు శుద్ధి ప్లాంటు ఆగినా కోటి లీటర్లూ పచ్చిగా ఏట్లో పడతాయి. పైగా లోహాల పరిశ్రమైతే బీఓడీ ఒక్కటే చూస్తే చాలదు, క్రోమియం లాంటి విష లోహాలూ చూడాలి.

అయినా నా ఓటు పెద్దదానికే, మీటరు అంకెలు ఊరివాళ్లందరికీ కనపడేలా పెడితే. చిన్న మిల్లులే కావాలంటే అన్నీ ఒకచోట ఉండాలి, అందరికీ కలిపి ఒక శుద్ధి ప్లాంటు ముందే కట్టాలి. మే నెలలో మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఏరు ఎంత సన్నబడుతుందో చూసినవాళ్లకు తెలుసు. అప్పుడు 75 కిలోలు కూడా ఎక్కువే. ఆ నీళ్లే కిందకి ఆంధ్రాలోని తోటపల్లి బ్యారేజీకి వెళ్తాయి, అక్కడ మన చుట్టాల పొలాలున్నాయి.